మెడ ధమని ఇరుకైతే మెదడుకు ఏమవుతుంది? చిట్టెలుక చెప్పగలిగేది, చెప్పలేనిది

మెడకు అటూ ఇటూ వేళ్ళు ఆనిస్తే చేతికి తగిలే నాడి కెరోటిడ్ ధమనిది. మెదడుకు అందే రక్తంలో సింహభాగం ఈ రెండు ధమనుల గుండానే పైకి వెళ్తుంది. దవడ ఎముక మూలకు కాస్త కిందుగా ఒక్కో ధమనీ రెండుగా చీలుతుంది. ఒక కొమ్మ ముఖానికి, రెండోది మెదడుకు. ఆ చీలిక దగ్గర గోడ లోపల కొలెస్టరాల్, చనిపోయిన కణాలు, కాల్షియం పేరుకుని దారి సన్నబడడాన్నే కెరోటిడ్ స్టెనోసిస్ అంటారు. డాప్లర్ రిపోర్టులో 70 శాతం బ్లాక్ అని రాసి ఉంటే ఇంట్లోవాళ్ళు సహజంగా ఒక్కటే అనుకుంటారు: దారి మూసుకుపోతోంది, మెదడుకు రక్తం చాలడం లేదు, పక్షవాతం వచ్చేది అందుకే. ఇందులో నిజం కొంతే ఉంది.

మెడలోని పూడిక మెదడును దెబ్బతీసే దారులు రెండు. మొదటిది, పూడిక పైపొర చిట్లి, ఆ చిట్లిన చోట రక్తం గడ్డకట్టి, ఆ గడ్డలోంచి ఒక ముక్క విడిపోయి పైకి కొట్టుకుపోయి మెదడులోని చిన్న ధమనిలో ఇరుక్కోవడం. పక్షవాతం హఠాత్తుగా, నిమిషాల్లో వచ్చి పడేది ఎక్కువగా ఈ దారినే. రెండోది, ఇరుకు బాగా ముదిరిన చోట రక్త ప్రవాహమే తగ్గి, నెలల తరబడి మెదడు అరకొర సరఫరాతో నెట్టుకురావడం. ఇందులో ఒక్కసారిగా చెయ్యీ కాలూ పడిపోకపోయినా మెదడు లోపలి తెల్లపదార్థం, అంటే నాడీకణాల మధ్య సంకేతాలు మోసే తంతువుల కట్టలు, మెల్లగా దెబ్బతిని ఆలోచనలో చురుకు తగ్గుతుంది. పరిశోధనశాలల్లో ఎలుకలపై తయారుచేసిన నమూనాలన్నీ, అంటే మనిషి జబ్బును పోలిన స్థితిని జంతువులో కల్పించే పద్ధతులన్నీ, ఈ రెండింటిలో ఏదో ఒక దాన్నే అనుకరిస్తాయి. రెండింటినీ కలిపి మనిషిలో జరిగినట్టు చూపించగల నమూనా ఇంతవరకు స్థిరపడలేదు. ఎలుకల్లో మెడ ధమని ఇరుకు అన్న ఒకే పేరుతో వచ్చే పరిశోధనల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగనట్టు కనిపించడానికి ప్రధాన కారణం ఇదేనని నా అభిప్రాయం.

అసలు ఎలుకలతో పనేమిటన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. ఎందుకంటే ఈ జబ్బు చికిత్సలో అతి ముఖ్యమైన సాక్ష్యం మనుషుల నుంచే వచ్చింది. అప్పటికే తేలికపాటి స్ట్రోక్ వచ్చినవారిలో, 70 నుంచి 99 శాతం ఇరుకు ఉన్న ధమనిని కోసి పూడిక తీసేస్తే, ఆ వైపు మళ్ళీ స్ట్రోక్ వచ్చే ప్రమాదం రెండేళ్ళలో 26 శాతం నుంచి 9 శాతానికి తగ్గుతుందని ఉత్తర అమెరికాలో జరిగిన నాసెట్ అధ్యయనం 1991లో తేల్చింది. దాన్ని తేల్చడానికి ఏ ఎలుకా అక్కర్లేదు. కానీ ఇరుకైన ధమని వెనకాల మెదడు కణజాలంలో వారం వారం ఏం మారుతోంది, ముందుగా చచ్చేది ఏ కణాలు, వాపు ఎప్పుడు మొదలవుతుంది, ఏ మందు దాన్ని ఏ దశలో ఆపగలదు అన్న ప్రశ్నలకు బతికున్న మనిషి మెదడును ముక్కలుగా కోసి చూడలేం. ఆపరేషన్ థియేటర్లో బయటికి తీసిన పూడికను పరీక్షించవచ్చు గానీ, అది ముప్పై నలభై ఏళ్ళ కథలో చివరి పేజీ మాత్రమే.

నమూనాల సంగతికి వెళ్ళే ముందు శాతాల లెక్క తెలియాలి. సన్నని గొట్టంలో ప్రవాహానికి ఎదురయ్యే అడ్డు దాని వ్యాసార్ధం నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుందని పాయిజూయ్ సూత్రం చెబుతుంది. వ్యాసం సగమైతే ఆ భాగంలో అడ్డు పదహారు రెట్లవుతుంది. అయినా మనిషి మెడలో ధమని సగం ఇరుకైనప్పుడు మెదడుకు వెళ్ళే రక్తం దాదాపుగా తగ్గదు. కాలువ మొదట్లో తూము కొంత మూసినా, దిగువన మడవలన్నీ బార్లా తీస్తే చివరి మడికి నీరందినట్టు, మెదడులోని సూక్ష్మ ధమనులు విప్పారి ఆ లోటును సర్దేస్తాయి. పైగా మెదడు అడుగున నాలుగు పెద్ద ధమనులను కలిపే విల్లిస్ వలయం ఒక వైపు తగ్గిన రక్తాన్ని రెండో వైపు నుంచి మళ్ళిస్తుంది. ఈ రెండు ఏర్పాట్లూ చేతులెత్తేసేది సాధారణంగా ఇరుకు 70 శాతం దాటాకే. ఆ 70 అయినా ఎవరి లెక్కలో అన్నది చూసుకోవాలి. నాసెట్ పద్ధతి అతి ఇరుకైన చోటును దాని పైనున్న మామూలు ధమని వ్యాసంతో పోలుస్తుంది. యూరప్‌లో జరిగిన అధ్యయనం అదే చోట పూడిక లేకపోతే ధమని ఎంత వెడల్పు ఉండేదో అంచనా వేసి దానితో పోల్చింది. నాసెట్‌లో 70 అనిపించుకున్న ధమని యూరప్ లెక్కలో 80 దాటుతుంది. ఎలుకల పరిశోధనలో 50 శాతం ఇరుకు అని కనిపిస్తే, ఆ సగం వ్యాసంలోనా, వైశాల్యంలోనా, రక్త ప్రవాహంలోనా అన్నది ముందు తేల్చుకోవాలి. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతే మిగులుతుంది గనక, ఈ మూడింటి మధ్య తేడా చిన్నది కాదు.

ప్రవాహం తగ్గించే నమూనాల్లో పాతది, సులువైనది ఎలుక మెడలో రెండు కెరోటిడ్ ధమనులనూ దారంతో పూర్తిగా కట్టేయడం. మనిషికి ఇలా చేస్తే బతికి బట్టకట్టడం కష్టం. ఎలుక బతుకుతుంది, ఎందుకంటే దాని విల్లిస్ వలయం పటిష్ఠంగా ఉంటుంది. మెడ వెనక నుంచి వచ్చే వర్టిబ్రల్ ధమనుల రక్తం ఆ వలయం గుండా ముందుకు వస్తుంది. అదే పనిని మంగోలియన్ జెర్బిల్ అనే ఎడారి ఎలుకకు చేస్తే ఫలితం పూర్తిగా వేరుగా ఉంటుంది. ముందు, వెనక భాగాలను కలిపే ధమని దానిలో సాధారణంగా ఉండదు కనుక మెదడు ముందు భాగానికి రక్తం నిలిచిపోతుంది. జపాన్ శాస్త్రవేత్త కిరినో 1982లో జెర్బిల్ ధమనులను కాసేపు మాత్రమే మూసి తెరిచి, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్‌లోని కణాలు వెంటనే కాక రెండు మూడు రోజుల తర్వాత చనిపోతున్నాయని చూపించాడు. స్ట్రోక్ పరిశోధనను మలుపు తిప్పిన పరిశీలన అది. అయితే దానికీ మెడ ధమని ఇరుకుకూ సంబంధం పలుచన. గుండె ఆగి మళ్ళీ కొట్టుకున్న రోగి మెదడుకే అది దగ్గర.

రెండు ధమనులూ కట్టేసిన ఎలుకలో మరో చిక్కు బయటపడింది. రక్త ప్రవాహం ఒక్కసారిగా సగానికి, కొన్ని చోట్ల అంతకంటే కిందికి పడిపోతుంది. ఈ కుదుపుకు కంటి నాడి బలవుతుంది. జ్ఞాపకశక్తిని పరీక్షించడానికి ఎలుకను నీళ్ళ తొట్టెలో వదిలి, చుట్టూ గోడల మీది గుర్తులను బట్టి నీటి అడుగున దాగిన అరుగును వెతుక్కోమనడం పరిశోధనశాలల్లో రివాజు. కళ్ళు కనిపించని ఎలుక ఆ గుర్తులను చూడలేదు. అది తిరిగి తిరిగి అలసిపోతే మతిమరుపు వచ్చిందని రాసుకోవడం సులువు. కంటిపాప వెలుతురుకు ముడుచుకుంటోందా లేదా అని చూడకుండా వేసిన ఇలాంటి లెక్కలను ఇప్పుడు అనుమానంతోనే చదవాలి.

పూర్తిగా మూయకుండా సన్నబరచడమే దీనికి విరుగుడని తేల్చి, దాన్ని చిట్టెలుకలో సాధించినది జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయ బృందం. షిబాతా, ఇహారా, తొమిమోతో తదితరులు 2004లో ప్రచురించిన ఈ పద్ధతి ఇప్పుడు ఈ రంగంలో అందరూ వాడేదిగా మారింది. పెద్ద ఎలుక (ర్యాట్) బదులు చిట్టెలుకనే (మౌస్) ఎంచుకోవడానికి కారణం జన్యువులు. కావలసిన జన్యువును తీసేసిన, చేర్చిన జాతులు చిట్టెలుకల్లో దొరికినంతగా పెద్ద ఎలుకల్లో దొరకవు. కానీ ఎక్కువగా వాడే సీ57 బ్లాక్6 జాతి చిట్టెలుకకు విల్లిస్ వలయం వెనక భాగం బలహీనం. రెండు ధమనులూ కట్టేస్తే చచ్చిపోతుంది. కాబట్టి ఈ జంతువులో సన్నబరచడం తప్ప వేరే మార్గమే లేదు.

వాళ్ళు వాడిన పరికరం పియానో తీగతో చుట్టిన బుల్లి స్ప్రింగు. తీగ మందం 0.08 మిల్లీమీటర్లు, స్ప్రింగు పొడవు 2.5 మిల్లీమీటర్లు, చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం అర మిల్లీమీటరు. మత్తులో ఉన్న చిట్టెలుక మెడను మధ్యలో నిలువునా కోసి, మైక్రోస్కోపు కింద కెరోటిడ్ ధమనిని చుట్టూ ఉన్న పొర నుంచి, పక్కనే అంటుకుని ఉండే వేగస్ నాడి నుంచి విడదీస్తారు. ఆ నాడి నలిగితే గుండె, శ్వాస లయ తప్పుతాయి. ధమనిని దారాలతో కాస్త పైకెత్తి, స్ప్రింగు చుట్ల మధ్యకు జార్చి, స్ప్రింగును మెల్లగా తిప్పుతూ పోతే ధమని చుట్టూ అది అల్లుకుంటుంది. ఒక వైపు అయ్యాక అరగంట ఆగి రెండో వైపు చేస్తారు. ఆ విరామం లేకుండా రెండూ వెంటవెంటనే బిగిస్తే మెదడుకు సర్దుకునే వ్యవధి ఉండదు. ఇంతసేపూ జంతువు ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గరే నిలపాలి. రెండు మూడు డిగ్రీలు తగ్గినా మెదడుకు దానంతట అదే రక్షణ దొరికి ఫలితం తారుమారవుతుంది.

అసలు కిటుకు స్ప్రింగు లోపలి వ్యాసంలో ఉంది. ఆ బృందం 0.16 నుంచి 0.22 మిల్లీమీటర్ల వరకు వేర్వేరు కొలతలు ప్రయత్నించింది. చిట్టెలుక కెరోటిడ్ ధమని వెలుపలి మందం సుమారు అర మిల్లీమీటరు. 0.22 స్ప్రింగుతో చెప్పుకోదగ్గ హాని లేదు. 0.20, 0.18 స్ప్రింగులతో రెండు వారాల్లో తెల్లపదార్థం దెబ్బతింది గానీ నాడీకణాలుండే బూడిదపదార్థం నిలిచింది. 0.16కు వచ్చేసరికి బూడిదపదార్థం కూడా దెబ్బతింది. పైన చెప్పిన నాలుగో ఘాతంతో లెక్కేస్తే 0.18 నుంచి 0.16కు మారినప్పుడు అడ్డు సుమారు 60 శాతం పెరుగుతుంది. మిల్లీమీటరులో యాభయ్యో వంతు తేడాతో జబ్బు స్వభావమే మారిపోయే చోట, స్ప్రింగుల తయారీలో చిన్న హెచ్చుతగ్గు కూడా ప్రయోగాన్ని చెడగొడుతుంది. 0.18 అందరికీ ప్రమాణంగా స్థిరపడింది ఇందువల్లే.

ఈ నమూనా చూపిన చిత్రం మనిషి వ్యాధికి ఆశ్చర్యకరంగా దగ్గర. స్ప్రింగు వేసిన గంటల్లో రక్త ప్రవాహం సుమారు మూడింట రెండు వంతులకు పడిపోయి, వారాల్లో కొంత కోలుకుంటుంది. మెదడు రెండు అర్ధగోళాలను కలిపే కార్పస్ కలోసంలో తంతువుల మీది మైలిన్ పూత చెదురుతుంది, చుట్టూ నాడీకణాలకు అండగా ఉండే ఆస్ట్రోసైట్లు, మెదడు రక్షణ చూసే మైక్రోగ్లియా కణాలు ఉద్రిక్తమవుతాయి. కంటి నాడి మార్గం మాత్రం చాలావరకు తప్పించుకుంటుంది. నెల రోజుల తర్వాత ఎనిమిది దారుల చిక్కుదారిలో పరీక్షిస్తే, ఇప్పుడే ఏ దారిలోకి వెళ్ళి వచ్చామో గుర్తుంచుకోవడంలో ఈ చిట్టెలుకలు తడబడ్డాయి. ఎప్పటి నుంచో నేర్చుకున్నది మాత్రం మరిచిపోలేదు. మెదడు రక్తనాళాల జబ్బుతో బాధపడే వృద్ధుల్లో మొదట దెబ్బతినేది కూడా ఇలాంటి పని జ్ఞాపకమే. స్ప్రింగుతో నెలల తరబడి ఉంచితే హిప్పోకాంపస్ కూడా కుంచించుకుపోతుందని 2010లో జపాన్ పరిశోధకులే చూపించారు.

అయినా ఒక అసహజం మిగిలింది. మనిషిలో దశాబ్దాలు పట్టే ఇరుకు ఇక్కడ క్షణాల్లో వస్తుంది. దీన్ని సరిదిద్దడానికి అమెరాయిడ్ అనే ఉంగరాన్ని వాడారు. బయట లోహపు తొడుగు, లోపల పాలలోని కేసీన్ ప్రోటీన్‌తో చేసిన గట్టి పదార్థం. ఒంట్లోని తడిని పీల్చుకుని కేసీన్ లోపలివైపుకే ఉబ్బుతూ వారాల్లో ధమనిని కొంచెం కొంచెంగా నొక్కేస్తుంది. నిజానికి ఇది హృద్రోగ పరిశోధనలో కుక్కల, పందుల గుండె ధమనులపై ఎప్పటి నుంచో వాడిన పరికరమే. ఒక వైపు అమెరాయిడ్, రెండో వైపు స్ప్రింగు పెట్టి హత్తోరి తదితరులు 2015లో చేసిన ప్రయోగంలో, అమెరాయిడ్ వైపు మెదడు లోతుల్లో నిజమైన చిన్న చిన్న ఇన్‌ఫార్క్ట్‌లు, అంటే రక్తం అందక చచ్చిన మచ్చలు, ఏర్పడ్డాయి. రెండు వైపులూ సమానంగా ఇరుకైన మనుషులు తక్కువే కనుక ఈ అసమానత ఒక మెరుగు.

ఇప్పటిదాకా చెప్పిన వేటిలోనూ పూడిక లేదన్నది గమనించాలి. స్ప్రింగు కింద ధమని గోడ ఆరోగ్యంగానే ఉంటుంది. అక్కడ చిట్లడానికి ఏమీ లేదు, గడ్డలు పైకి వెళ్ళడమూ లేదు. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ పూడికను స్థిరపరుస్తుందా అన్న ప్రశ్నను ఈ జంతువును అడగడంలో అర్థం లేదు.

పూడిక కావాలంటే వేరే చిట్టెలుక కావాలి. మామూలు చిట్టెలుకకు పూడిక దాదాపు రాదు. దాని రక్తంలోని కొలెస్టరాల్‌లో ఎక్కువ భాగం మంచిదనే హెచ్‌డీఎల్ రూపంలో తిరుగుతుంది. 1992లో రెండు అమెరికన్ బృందాలు అపోఈ అనే జన్యువును తొలగించి తయారుచేసిన చిట్టెలుకల్లో కొలెస్టరాల్ విపరీతంగా పెరిగి బృహద్ధమనిలో పూడికలు వచ్చాయి. కానీ మెడలో, అనుకున్న చోట, అనుకున్న సమయానికి రావాలంటే రక్త ప్రవాహపు ఒరిపిడిని మార్చాలి. ప్రవాహం గోడను నిదానంగా, అటూ ఇటూ ఊగుతూ ఒరుసుకునే చోటే గోడ లోపలి పొర కొవ్వుకు తలుపు తెరుస్తుంది. మనిషిలో పూడిక సరిగ్గా చీలిక దగ్గరే రావడానికి కారణం కూడా ఇదే. అట్లాంటాలో జో బృందం 2009లో ఎడమ కెరోటిడ్ నాలుగు కొమ్మల్లో మూడింటిని కట్టి ఒక్కదాన్నే తెరిచి ఉంచితే, కొవ్వు ఆహారం తిన్న అపోఈ చిట్టెలుకల్లో రెండు వారాల్లోనే పూడిక వచ్చింది. నెదర్లాండ్స్‌లో ధమని చుట్టూ గరాటులా సన్నబడే తొడుగు పెట్టి ఒకే ధమనిలో రెండు రకాల ఒరిపిడిని సృష్టించారు. తొడుగుకు ముందు, ఒరిపిడి తగ్గిన చోట, పలుచని పైపొరతో చిట్లిపోయే లక్షణాలున్న పూడిక వచ్చింది. తొడుగు దాటాక సుడులు తిరిగే చోట గట్టిపడిన, స్థిరమైన పూడిక వచ్చింది.

చిట్లే పూడికకు ఇప్పటికి అతి దగ్గరగా వచ్చినది మెల్బోర్న్‌లో పీటర్ బృందం 2013లో ప్రచురించిన జంట ఇరుకుల నమూనా. ధమనిని సన్నని సూదితో కలిపి దారంతో ముడివేసి, సూదిని లాగేస్తే దాని మందానికి సమానమైన ఇరుకు మిగులుతుంది. ఇలాంటివి కాస్త ఎడంగా రెండు పెట్టి కొన్ని వారాలు ఆగితే, మొదటి ఇరుకుకు ముందున్న పూడికలో రక్తస్రావం, పైపొర చిట్లడం, గడ్డకట్టడం కనిపించాయి. ఆపరేషన్‌లో మనిషి మెడ నుంచి తీసే పూడికను చూసినవారికి ఇది పరిచితమైన దృశ్యమే. అయితే ఇంత జరిగినా ఈ చిట్టెలుకలకు పక్షవాతం రావడం మామూలు సంగతి కాదు. గడ్డ మెదడుకు చేరితే ఏమవుతుందో చూడాలనుకునేవారు ఇప్పటికీ విడిగా తయారుచేసిన గడ్డలనో, సూక్ష్మ గోళాలనో సూదితో ధమనిలోకి ఎక్కిస్తున్నారు. పూడిక ఒక జంతువులో, స్ట్రోక్ మరో జంతువులో.

ఈ విడదీత ఎంత ఖరీదైనదో ఎలుక కెరోటిడ్ ధమనే మరో సందర్భంలో నేర్పింది. బుడగ కొసనున్న కాథెటర్‌తో ఎలుక కెరోటిడ్ లోపలి పొరను గీకేస్తే, వారాల్లో కండర కణాలు పెరిగి దారి మళ్ళీ ఇరుకవుతుంది. రక్తపోటు మందు సిలాజాప్రిల్ ఆ పెరుగుదలను బాగా అణిచిందని 1989లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఆ ఆశతో యాంజియోప్లాస్టీ, అంటే ఇరుకైన గుండె ధమనిని బుడగతో వెడల్పు చేసే చికిత్స, చేయించుకున్న హృద్రోగులకు అదే మందు ఇచ్చి చేసిన మెర్కేటర్ పరీక్షలో, 1992లో వెలువడిన ఫలితం ప్రకారం, ధమని మళ్ళీ మూసుకుపోవడం ఏమాత్రం తగ్గలేదు. ఆరోగ్యమైన ధమనికి తగిలిన గాయాన్ని ఎలుక చూపించింది. రోగి ధమనిలో ఉన్నది పాత పూడిక, అందులోనూ బుడగ ఒత్తిడికి చీలిన పూడిక. తీవ్ర స్ట్రోక్ రంగంలో ఈ వైఫల్యం ఇంకా పెద్దది: ప్రయోగశాలల్లో పరీక్షించిన చికిత్సలను 2006లో లెక్కిస్తే 1,026 తేలాయి, జంతువుల్లో పనిచేసినట్టు కనిపించిన నాడీరక్షక మందులు మనుషుల్లో వరసగా విఫలమయ్యాయి.

జంతువు, మనిషి మధ్య తేడాల్లో కొన్నింటిని ఏ శస్త్రచికిత్సా నైపుణ్యమూ పూడ్చలేదు. మనిషి మెదడులో దాదాపు సగం తెల్లపదార్థం. చిట్టెలుకలో అది పదో వంతు దరిదాపుల్లోనే ఉంటుంది. చిట్టెలుక గుండె నిమిషానికి ఐదారు వందల సార్లు కొట్టుకుంటుంది, ధమని గోడపై రక్తపు ఒరిపిడి మనిషిలో కంటే చాలా రెట్లు ఎక్కువ. మరికొన్ని తేడాలు మాత్రం మన చేతిలోనివే. ప్రయోగాల్లో అత్యధికం పది పన్నెండు వారాల మగ చిట్టెలుకలపై జరుగుతాయి. అంటే యవ్వనంలో ఉన్న, బీపీ, షుగరు లేని జంతువులపై. కెరోటిడ్ పూడికతో క్లినిక్‌కు వచ్చే మనిషి సాధారణంగా అరవై దాటినవాడు, సిగరెట్టో షుగరో వెంట ఉన్నవాడు. జాతి కూడా లెక్కలోకి వస్తుంది. సీ57 చిట్టెలుక మెదడు ఉపరితలంపై ధమనుల మధ్య అనుసంధానాలు పుష్కలం, బాల్బ్‌సీ జాతిలో చాలా తక్కువ. ఒకే స్ప్రింగు రెండు జాతుల్లో రెండు వేర్వేరు జబ్బులు పుట్టించగలదు. మత్తు ఇవ్వడానికి వాడే ఐసోఫ్లురేన్ వాయువు కూడా రక్తనాళాలను విప్పారుస్తుంది కనుక, మత్తులో కొలిచిన రక్త ప్రవాహం మెలకువలోని ప్రవాహం కాదు.

మన వైపు నుంచి చూస్తే ఇంకో మెలిక ఉంది. హైదరాబాద్‌లోని నిమ్స్ వైద్యులు 2002లో ప్రచురించిన స్ట్రోక్ రోగుల అధ్యయనంలో పెద్ద ధమనుల పూడికే ప్రధాన కారణంగా తేలింది. కానీ అందులో ఎక్కువ భాగం మెడలో కాదు, కపాలం లోపలి ధమనుల్లో ఉంది. చైనా, జపాన్, కొరియా అధ్యయనాలు కూడా ఆసియా ప్రజల్లో ఇదే ధోరణిని చూపాయి. యూరోపియన్ సంతతి రోగుల్లో మెడ పూడికల పాలు ఎక్కువ కావడంతో, పరిశోధన నిధులు, నమూనాలు అటువైపే పెరిగాయి. అపోఈ చిట్టెలుకకు కపాలం లోపలి ధమనుల్లో పూడిక అరుదు. చిట్టెలుక మధ్య మస్తిష్క ధమని మందం మిల్లీమీటరులో పదో వంతు స్థాయిలో ఉంటుంది. దాన్ని అందుకోవాలంటే పుర్రె ఎముకను అరగదీసి మెదడు పొరను తెరవాలి. అలా తెరిచిన క్షణం నుంచి కపాలంలోని ఒత్తిడి, వేడి, వాపు అన్నీ మారిపోతాయి కనుక, అక్కడ స్ప్రింగు పెట్టగలిగినా వచ్చిన హాని ఇరుకు వల్లనా ఆపరేషన్ వల్లనా అన్నది విడదీయడం కష్టం. మెడలోని స్ప్రింగు ఆ ధమనిలో ప్రవాహాన్ని తగ్గించగలదు గానీ, దాని గోడలో జబ్బును పుట్టించలేదు.